బూటకానికి ఒక నిష్పత్తి: పోకర్ పందెంలో సమతూకం అనే భావన - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పోకర్ ఆటలో బలహీనమైన చేతితో కాసే బూటకపు పందెం చాలాకాలం పాటు ఆటగాడి తెగువకు, నటనకు, ఎదుటివాని మనసును చదివే శక్తికి గుర్తుగా భావింపబడింది. 20వ శతాబ్దంలో ఎమిల్ బోరెల్, జాన్ వాన్ న్యూమన్, హెరాల్డ్ కూన్ మొదలైన గణితవేత్తలు దానిని ఒక నిష్పత్తిగా నిరూపించారు. ఎన్ని విలువ పందేలకు ఎన్ని బూటకపు పందేలు ఉండాలన్నది ఆటగాడి స్వభావంపై కాక పందెం పరిమాణంపై ఆధారపడుతుందని తేల్చారు. ఈ భావపరిణామాన్ని 1921 నుంచి 2019 వరకు దశలవారీగా వివరించి, 'నైపుణ్యం' అనే మాటకు మన న్యాయస్థానాలు ఇచ్చిన అర్థంతో దానిని పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పోకర్, బూటకపు పందెం, విలువ పందెం, క్రీడా సిద్ధాంతం, మిశ్రమ వ్యూహం, సమతౌల్యం, నైపుణ్యం.

1. ప్రవేశిక

చేతిలో చెప్పుకోదగిన ముక్కలు లేకపోయినా ఉన్నట్లుగా పందెం కాయడాన్ని పోకర్ ఆటగాళ్లు 'బ్లఫ్' అంటారు. బలమైన ముక్కలు వచ్చినప్పుడు, అంతకంటే తక్కువ ముక్కలున్న ఎదుటివాడు సమానంగా సొమ్ము పెట్టి చూస్తాడన్న ఆశతో కాసే పందేన్ని 'వాల్యూ బెట్' అంటారు. ఈ వ్యాసంలో మొదటిదానిని బూటకపు పందెం అని, రెండవదానిని విలువ పందెం అని వ్యవహరించడం జరిగింది. ఈ రెండూ ఎదుటివానికి ఒకే విధంగా కనిపించాలి. సొమ్ము ఒకటే, చేష్ట ఒకటే. తేడా ముక్కల వెనుక దాగి ఉంటుంది.

మన కావ్యసంప్రదాయంలో జూదానికి సంబంధించిన రెండు నేర్పులు ప్రసిద్ధమైనవి. సభాపర్వంలో శకునిది కపటం. అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు నలునికి ఉపదేశించిన అక్షహృదయం లెక్క. చెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్కింపగలగడం ఆ విద్యకు నిదర్శనంగా అక్కడ చెప్పబడింది. పోకర్‌లోని బూటకపు పందెం ఈ రెండింటిలో ఏ ఒక్కదానిలోనూ పూర్తిగా ఇమడదు. అది కపటమే అయినా ఆట నియమాలు అనుమతించిన కపటం. దానిని ఎంత మేరకు ప్రయోగించాలన్నది మాత్రం లెక్క. ఆ లెక్క ఉన్నదని గుర్తించడానికి పోకర్ పుట్టిన తరువాత సుమారు వందేళ్లు పట్టింది. ఆ గుర్తింపు ఎలా జరిగిందో, దానివల్ల 'మోసం', 'నైపుణ్యం' అనే మాటల అర్థం ఎలా మారిందో పరిశీలించడం ఇక్కడి ప్రయత్నం.

2. తెగువగా బూటకం: తొలి అవగాహన

పోకర్ 19వ శతాబ్దం తొలి దశకాలలో ఫ్రెంచి ప్రభావం గల న్యూ ఆర్లియన్స్ ప్రాంతంలోనూ, మిసిసిపీ నదిపై నడిచే ఆవిరి పడవలలోనూ రూపుదిద్దుకొన్నది. తొలుత దానిని 20 ముక్కలతో ఆడేవారు. తరువాత 52 ముక్కల కట్ట వాడుకలోకి వచ్చింది. ఫ్రెంచివారి 'పోక్', జర్మనుల 'పోఖెన్', ఆంగ్లేయుల 'బ్రాగ్' దీనికి దగ్గరి ఆటలు. వీటన్నింటిలోనూ ముక్కల బలంతో పాటు పందెం ధాటితో ఎదుటివానిని తప్పుకొనేలా చేసే అవకాశం ఉంది. ఆ శతాబ్దం మధ్యలో అమెరికాలో ఈ ఆటకే 'బ్లఫ్' అన్న పేరు కూడా ఉండేది. ఆటకు ప్రాణం ఎక్కడుందో ఆ పేరు పెట్టినవారు గ్రహించారనడానికి ఇది నిదర్శనం.

అయితే ఆ ప్రాణం స్వభావం ఏమిటన్నది వేరే ప్రశ్న. జూదం మానివేసి దాని దురాగతాలను బయటపెట్టిన జోనథన్ గ్రీన్ 1843లో వెలువరించిన గ్రంథంలో పోకర్ ప్రస్తావన వస్తుంది. అటువంటి రచనలకు జూదరి మోసం ఒక నైతిక సమస్య. మొదటి ప్రపంచయుద్ధకాలంలో అమెరికా రహస్యలిపి విభాగాన్ని నడిపిన హెర్బర్ట్ యార్డ్‌లీ 1957లో ప్రచురించిన పోకర్ గ్రంథంలో ఓర్పు, మంచి ముక్కలకై వేచి ఉండటం, ఎదుటివాని అలవాట్లను పసిగట్టడం ప్రధాన పాఠాలు. 1984లో మైక్ కారో వెలువరించిన గ్రంథం ఆటగాళ్ల చూపు, భంగిమ, చేతుల కదలిక మొదలైన సూచనల నుంచి వారి ముక్కల బలాన్ని ఊహించే పద్ధతికి అంకితమైంది.

ఈ రచనల మధ్య కాలభేదం, దృష్టిభేదం ఉన్నా ఒక భావన సమానం. బూటకపు పందెం ఇద్దరు మనుషుల మధ్య జరిగే వ్యవహారం. ఎదుటివాడు పిరికివాడైతే అది ఫలిస్తుంది, మొండివాడైతే వికటిస్తుంది. అంటే దాని మంచిచెడ్డలు ఎదుటివాని గుణంపై ఆధారపడతాయి. యార్డ్‌లీ, కారో ఈ గ్రంథాలు రాసేనాటికే గణితవేత్తలు ఈ ప్రశ్నను వేరే మార్గంలో పరిష్కరించి ఉండటం గమనార్హం. ఆటగాళ్ల జ్ఞానం, గణితజ్ఞుల జ్ఞానం చాలాకాలం పాటు ఒకదానికొకటి తెలియకుండా సమాంతరంగా సాగాయి.

3. ఎమిల్ బోరెల్: ప్రశ్నను గణితంగా మార్చడం

ఫ్రెంచి గణితవేత్త ఎమిల్ బోరెల్ 1921లో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. అదృష్టంతో పాటు ఆటగాని నిర్ణయం కూడా ఫలితాన్ని శాసించే ఆటలు అందులోని విషయం. ఒక ఆటగాడు ఎప్పుడూ ఒకే వ్యూహం అనుసరిస్తే ఎదుటివాడు దానిని కనిపెట్టి దెబ్బతీస్తాడు. కనుక వివిధ వ్యూహాలను నిర్దిష్ట సంభావ్యతలతో కలిపి వాడాలి. నేడు 'మిశ్రమ వ్యూహం' అని పిలుస్తున్న భావన ఇది. అటువంటి వ్యూహం అన్ని ఆటలలోనూ ఆటగానిని కాపాడగలదా అన్న విషయంలో బోరెల్ నిశ్చయంగా లేడు. వ్యూహాల సంఖ్య పెరిగితే అది సాధ్యం కాకపోవచ్చునని తొలుత సందేహించాడు.

సంభావ్యతాశాస్త్రంపై ఆయన సంపాదకత్వంలో వచ్చిన బృహద్గ్రంథంలో భాగంగా 1938లో వెలువడిన సంపుటంలో పోకర్‌కు ఒక సరళ నమూనా ఉంది. ఇద్దరు ఆటగాళ్లు చెరొక రూపాయి చొప్పున ముందుగా మధ్యలో పెడతారనుకొందాం. ప్రతివానికి 0 నుంచి 1 వరకు ఏదో ఒక సంఖ్య చేతిబలంగా వస్తుంది. మొదటివాడు నిర్ణీత మొత్తం పందెం కాయాలి, లేదా తప్పుకొని తన రూపాయి వదులుకోవాలి. అతడు కాస్తే రెండవవాడు సమానంగా పెట్టి చూడవచ్చు, లేదా తప్పుకోవచ్చు.

పందెం మధ్యలో ఉన్న మొత్తానికి సమానమైనప్పుడు, అంటే రెండు రూపాయలైనప్పుడు, ఈ ఆట పరిష్కారం ఇలా వస్తుంది. రెండవవాడు తనకు వచ్చే చేతులలో పైసగంతో చూడాలి, కిందిసగంతో తప్పుకోవాలి. మొదటివాడు పైసగం చేతులన్నింటితో పందెం కాయాలి. కిందిసగంలో మరో సగంతో కూడా కాయాలి. అంటే మొత్తం చేతులలో నాలుగవ వంతు బూటకం. ఎదుటివాని హద్దుకు పైన ఉన్న రెండు పందేలకు, కింద ఉన్న ఒక పందెం చొప్పున నిష్పత్తి కుదురుతుంది. కిందిసగంలో ఏ చేతులను బూటకానికి ఎంచుకోవాలన్నది మాత్రం ఈ నమూనా నిర్ణయించదు. అవన్నీ చూపించినప్పుడు ఓడేవే, తప్పుకొంటే పోగొట్టేదీ ఒకటే. ఎంత అన్నదే ముఖ్యం, ఏవి అన్నది కాదు. బూటకం ఒక పరిమాణంగా కనిపించడం ఇక్కడ మొదలైంది.

4. వాన్ న్యూమన్: బూటకం ఎక్కడ ఉండాలి?

హంగరీ దేశీయుడైన జాన్ వాన్ న్యూమన్ 1926 డిసెంబరులో గ్యోటింగెన్ గణిత సంఘం ఎదుట చదివి, 1928లో ప్రచురించిన పత్రంలో బోరెల్ సందేహాన్ని తీర్చాడు. ఒకరి లాభం మరొకరి నష్టమయ్యే, పరిమిత వ్యూహాలు గల ఇద్దరి ఆటలన్నింటిలోనూ, ఎదుటివాడు ఏమి చేసినా తన కనీస ఫలితాన్ని కాపాడుకొనే మిశ్రమ వ్యూహం ప్రతి ఆటగానికీ ఉంటుందని నిరూపించాడు. దీనికే మినిమాక్స్ సిద్ధాంతమని పేరు. 1944లో ఆర్థికశాస్త్రవేత్త ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి ఆయన రాసిన క్రీడా సిద్ధాంత గ్రంథంలో పోకర్‌కు ప్రత్యేక ప్రకరణం కేటాయించబడింది.

ఐదు ముక్కల చేతులు 25,98,960 రకాలుగా రావచ్చును కనుక వాటిని యథాతథంగా పరిశీలించక వారు కూడా చేతిబలాన్ని ఒక సంఖ్యగా తీసుకొన్నారు. వారి నమూనాలకు బోరెల్ నమూనాకు గల ముఖ్యమైన తేడా ఒక్కటి. పెద్ద పందెం వేయడం ఇష్టంలేని మొదటి ఆటగాడు తప్పుకోనవసరం లేదు. ఉన్న సొమ్ముకే ముక్కలు పోల్చి చూసుకొనే వీలుంది. వాన్ న్యూమన్ పేరుతో ప్రచారంలో ఉన్న సరళరూపంలో ఈ చిన్న మార్పు ఫలితాన్ని ఎంతగా స్పష్టం చేస్తుందో చూద్దాం.

చేతులన్నింటినీ బలాన్ని బట్టి తొమ్మిది సమాన తరగతులుగా విభజించామనుకొందాం. మొదటి తరగతి అతి బలహీనం, తొమ్మిదవది అతి బలవత్తరం. పందెం మధ్యలోని మొత్తానికి సమానమైతే, మొదటి ఆటగాడు ఎనిమిది, తొమ్మిది తరగతులతో పందెం కాయాలి. ఇవి విలువ పందేలు. రెండు నుంచి ఏడు వరకు గల తరగతులతో పందెం కాయకుండా ముక్కలు చూపాలి. ఒకటవ తరగతితో, అంటే అన్నింటికన్నా పనికిమాలిన చేతులతో, తిరిగి పందెం కాయాలి. రెండవ ఆటగాడు పై నాలుగు తరగతులతో చూడాలి, కింది ఐదింటితో తప్పుకోవాలి. ఇద్దరూ ఇలా ఆడితే మొదటివానికి ఒక్కొక్క ఆటకు సగటున రూపాయిలో తొమ్మిదవ వంతు లాభం.

ఈ ఫలితంలో మూడు అంశాలు గమనింపదగినవి. మొదటిది, బూటకానికి ఎంచుకోవలసినవి అతి బలహీనమైన చేతులు. నడిమి చేతులకు పందెం లేకుండానే కొన్నిసార్లు గెలిచే విలువ ఉంది. వాటితో బూటకమాడితే ఆ విలువ వృథా అవుతుంది. అడుగు చేతులకు పోయేది ఏమీ లేదు. రెండవది, నిష్పత్తి మారలేదు. బోరెల్ ఆటలోవలెనే ఇక్కడ కూడా రెండు విలువ పందేలకు ఒక బూటకం. మూడవది, ఈ వ్యూహానికి పాచికలు గాని, నాణెం ఎగురవేయడం గాని అక్కరలేదు. ఎదుటివానికి కావలసిన అనిశ్చయాన్ని పంచిన ముక్కలే కలిగిస్తాయి.

బూటకానికి గల ప్రయోజనాన్ని ఈ గ్రంథకర్తలు రెండుగా వివరించారు. బలహీనత ఉన్నచోట బలం ఉన్నట్లు భ్రమ కలిగించడం ఒకటి. బలం ఉన్నచోట బలహీనత ఉండవచ్చునన్న అనుమానం కలిగించడం రెండవది. లోకం మొదటి దానినే బ్లఫ్‌గా ఎరుగును. సిద్ధాంతానికి రెండవది కూడా అంతే ముఖ్యం. ఎన్నడూ బూటకమాడని వానిపై ఎవరూ సొమ్ము పెట్టి చూడరు. అతని బలమైన చేతులు ఫలించవు. కనుక బూటకం తాను నెగ్గినప్పుడే కాక, పట్టుబడినప్పుడు కూడా విలువ పందేలకు ధర సమకూర్చిపెడుతుంది.

ఈ శాస్త్రానికి ఆద్యుడు ఎవరన్న వివాదం 1953లో 'ఎకనోమెట్రికా' పత్రికలో బహిరంగమైంది. మారిస్ ఫ్రెషే బోరెల్ వ్యాసాల ఆంగ్లానువాదాలను వెలుగులోకి తెచ్చి ఆయనను ఆద్యునిగా పేర్కొన్నాడు. మినిమాక్స్ నిరూపణ లేనిదే ఈ శాస్త్రం నిలబడదన్నది వాన్ న్యూమన్ సమాధానం. బూటకపు పందెం చరిత్రకు పరిమితమై చూస్తే ఇద్దరి పాత్ర వేర్వేరు. బూటకానికి కొలత ఉన్నదని ఒకరి నమూనా చూపింది. ఆ కొలతకు స్థానం, భద్రత ఉన్నాయని రెండవవారి సిద్ధాంతం స్థాపించింది.

5. మూడు ముక్కలతో ఒక నిరూపణ

రెండవ ప్రపంచయుద్ధం తరువాతి దశకంలో పోకర్ నమూనాలపై అనేక పత్రాలు వచ్చాయి. రిచర్డ్ బెల్‌మన్, డేవిడ్ బ్లాక్‌వెల్ 1949లో బూటకంతో కూడిన ఇద్దరి ఆటలపై రాశారు. 1950లో ప్రిన్స్‌టన్ నుంచి వెలువడిన క్రీడా సిద్ధాంత వ్యాససంకలనంలో హెరాల్డ్ కూన్ రూపొందించిన చిన్న ఆట ఈనాటికీ తరగతి గదులలో బోధింపబడుతున్నది.

కూన్ ఆటలో జాకీ, రాణి, రాజు అనే మూడు ముక్కలే ఉంటాయి. ఇద్దరూ చెరొక రూపాయి పెట్టి తలా ఒక ముక్క తీసుకొంటారు. ఎవరైనా మరొక రూపాయి పందెం కాయవచ్చు. ఎదుటివాడు చూడవచ్చు లేదా తప్పుకోవచ్చు. ఇందులో రాజుతో కాసేది విలువ పందెం, జాకీతో కాసేది బూటకం.

మొదటి ఆటగానికి ఇక్కడ ఒకే ఒక ఉత్తమ వ్యూహం కాక, ఒక వ్యూహశ్రేణి ఉంది. జాకీతో ఎన్నడూ పందెం కాయకపోవడం మొదలుకొని మూడింట ఒకసారి కాయడం వరకు ఏదైనా అతడు ఎంచుకోవచ్చు. నియమం ఒక్కటే. జాకీతో ఎంత తరచుగా కాస్తే, రాజుతో సరిగ్గా దానికి మూడింతలు తరచుగా కాయాలి. చూడటానికి రాణిని వాడే తరచుదనం కూడా దానికి తగినట్లు మారాలి. జాకీతో ఎన్నడూ కాయనివాడు రాజుతో కూడా మొదట కాయరాదు, ఊరుకొని ఎదుటివాని పందెం కోసం వేచి ఉండాలి. రెండవ ఆటగాడు, మొదటివాడు పందెం కాయకుండా ఊరుకొన్నప్పుడు, రాజుతో ఎల్లప్పుడూ కాయాలి, జాకీతో మూడింట ఒకసారి కాయాలి. ఇక్కడా మూడుకు ఒకటే. ఇద్దరూ తప్పులేకుండా ఆడితే మొదటివాడు సగటున ఆటకు పద్దెనిమిదవ వంతు రూపాయి నష్టపోతాడు.

బూటకం ఇంత ఉండి తీరాలన్న స్థిర పరిమాణం మొదటివానికి లేదని ఈ చిన్న ఆట తేటతెల్లం చేస్తుంది. స్థిరంగా ఉన్నది బూటకానికి, విలువకు మధ్య గల సంబంధం. దూకుడుగా ఆడేవాడు, నిదానంగా ఆడేవాడు ఇద్దరూ దోషరహితులు కావచ్చు. తన బూటకాన్ని తన విలువ పందేలతో తూచుకోనివాడు మాత్రం దోషి.

అదే సంకలనంలో జాన్ నాష్, లాయిడ్ షాప్లే ముగ్గురు ఆటగాళ్ల పోకర్ నమూనాను పరిష్కరించారు. అయితే ఇద్దరి ఆటలో సమతౌల్య వ్యూహం ఇచ్చే రక్షణ ముగ్గురి ఆటలో లభించదు. మిగిలిన ఇద్దరూ తమ పద్ధతిని మార్చుకొంటే మూడవవాడు తన తప్పు లేకుండానే నష్టపోవచ్చు. ఈ పరిమితి తరువాతి చరిత్రలో కూడా తొలగిపోలేదు.

6. పేకబల్ల మీదికి వచ్చిన లెక్క

గణితపత్రాలలోని ఈ జ్ఞానం ఆటగాళ్లను చేరడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. సంఖ్యాశాస్త్రంలో పేరెన్నికగన్న నెస్మిత్ ఆంకెనీ 1981లో క్రీడా సిద్ధాంతం ఆధారంగా పోకర్ వ్యూహగ్రంథం రాశాడు. 1987లో 'ద థియరీ ఆఫ్ పోకర్' పేరుతో వచ్చిన గ్రంథంలో డేవిడ్ స్క్లాన్‌స్కీ బూటకానికి వాడవలసిన ముక్కలను ముందుగానే నిర్ణయించుకొని, అవి వచ్చినప్పుడు మాత్రమే బూటకమాడే పద్ధతిని బోధించాడు. అప్పుడు నిర్ణయం ఆటగాని ముఖంలో గాని, తత్తరపాటులో గాని ఉండదు కనుక చదవడానికి ఏమీ మిగలదు. 2006లో బిల్ చెన్, జెరాడ్ ఆంకెన్‌మన్ వెలువరించిన 'ద మ్యాథమాటిక్స్ ఆఫ్ పోకర్' ఈ సంబంధాలన్నింటినీ ఒక క్రమశాస్త్రంగా కూర్చింది.

వారి ప్రతిపాదనలో మూలసూత్రం సులభమే. మధ్యలో 100 రూపాయలు ఉన్నాయనుకొందాం. ఇది ఆఖరి పందెం. మొదటివాడు 100 కాస్తాడు. రెండవవాడు మరో 100 పెట్టి చూస్తే, గెలిస్తే అతనికి 200 లాభం, ఓడితే 100 నష్టం. మూడింట ఒకసారి గెలిస్తే అతనికి లాభనష్టాలు సమానం. కనుక మొదటివాని పందేలలో మూడవ వంతు బూటకమైతే, రెండవవాడు చూసినా తప్పుకొన్నా ఫలితం ఒకటే. బూటకం అంతకు తగ్గితే రెండవవాడు తప్పుకొంటూ పోతాడు. అంతకు మించితే ప్రతిసారి చూసి లాభపడతాడు.

పందెం 50 రూపాయలైతే చూడటానికి 50 పెట్టి 150 గెలవవచ్చు. అప్పుడు బూటకం నాలుగవ వంతు, మూడు విలువ పందేలకు ఒకటి. పందెం 200 అయితే 200 పెట్టి 300 గెలవవచ్చు. బూటకం ఐదింట రెండు వంతులు, మూడు విలువ పందేలకు రెండు. పందెం ఎంత పెరిగినా బూటకం సగానికి చేరదు. పెద్ద పందెం వేసేవాడు ఎక్కువగా బూటకమాడటం అతని తెంపరితనం కాదు, ఆ పందెం పరిమాణమే కోరే నిష్పత్తి.

ఎదుటిపక్షం లెక్క వేరు. దీనిని పైదానితో కలిపి గందరగోళపడటం సాధారణం. 100 కాసి 100 గెలవాలనుకొన్న బూటకం సగం సార్లు నెగ్గితే నష్టం లేదు. కనుక రెండవవాడు తన చేతులలో సగంతోనైనా చూడకపోతే మొదటివాడు ఏ ముక్కలతోనైనా బూటకమాడి లాభపడవచ్చు. కాసేవానికి మూడవ వంతు, చూసేవానికి సగం. ఈ రెండు సంఖ్యలూ ఒకే పందెం పరిమాణం నుంచి పుట్టినా రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. వాన్ న్యూమన్ నమూనాలో చూసేవాని వాటా సగం కాక తొమ్మిదింట నాలుగు కావడానికి కారణం, అక్కడ అడుగు చేతులకు సైతం పందెం లేకుండా గెలిచే స్వల్ప అవకాశం ఉండటమే. అలాగే ఇంకా తెరవవలసిన ముక్కలు మిగిలి ఉన్నప్పుడు ఈ నేటి బూటకం రేపటి బలం కావచ్చును కనుక ఈ నిష్పత్తులు యథాతథంగా వర్తించవు. అవి ఆఖరి పందేనికి చెందిన ప్రమాణాలు.

7. ఎవరూ నేర్పని బూటకం: యంత్రాల దశ

నమూనాలను దాటి నిజమైన పోకర్‌ను పరిష్కరించడం యంత్రగణన వల్లనే సాధ్యమైంది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకబృందం 2007లో ప్రకటించిన పద్ధతి ఇందులో మలుపు. యంత్రం తనతో తానే ఆడుతుంది. ప్రతి సందర్భంలోనూ, చేసిన పనికి బదులు మరొకటి చేసి ఉంటే ఎంత లాభం వచ్చి ఉండేదో లెక్కకట్టి, ఆ 'పశ్చాత్తాపం' ఎక్కువగా ఉన్న పనిని ఇకపై ఎక్కువ తరచుగా ఎంచుకొంటుంది. ఇద్దరి ఆటలో ఈ వ్యూహాల సగటు క్రమంగా సమతౌల్యానికి చేరుతుంది.

ఇదే మార్గంలో ఆ బృందం 2015 జనవరిలో 'సైన్స్' పత్రికలో, పందెం పరిమాణం నియమితమైన ఇద్దరి 'టెక్సస్ హోల్డెమ్' ఆటను సారాంశంలో పరిష్కరించినట్లు ప్రకటించింది. ఆ ఆటలో ఏర్పడగల స్థితుల సంఖ్య సుమారు 316 పక్కన 15 సున్నాలు. 'సారాంశంలో' అన్న మాటకు నిర్దిష్టమైన అర్థం ఉంది. ఒక మనిషి జీవితకాలమంతా ఆడినా ఆ వ్యూహానికి, సంపూర్ణ వ్యూహానికి గల తేడాను గణాంకపరంగా నిర్ధారించలేడు. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన నోమ్ బ్రౌన్, ట్యూమస్ శాండ్‌హోమ్ రూపొందించిన 'లిబ్రాటస్' పందెం పరిమితి లేని ఇద్దరి ఆటలో, పిట్స్‌బర్గ్‌లో నలుగురు వృత్తి ఆటగాళ్లపై 1,20,000 చేతుల పోటీలో నెగ్గింది. మధ్యలోని మొత్తాన్ని మించిన భారీ పందేలను అది నిస్సంకోచంగా వాడటం ఆటగాళ్లను ఆశ్చర్యపరచింది. పైన వివరించిన లెక్క ప్రకారం అటువంటి పందేలు ఎక్కువ బూటకాన్ని భరించగలవు. 2019లో అదే పరిశోధకుల 'ప్లూరిబస్' ఆరుగురి ఆటలో వృత్తి ఆటగాళ్లపై ఆధిక్యం చూపింది. అయితే ఇద్దరి ఆటలో ఉన్న సిద్ధాంతరక్షణ ఆరుగురి ఆటకు లేదు కనుక ఆ విజయం అనుభవపూర్వకమైనదే.

ఈ యంత్రాలకు భయం లేదు, ముఖం లేదు, ఎదుటివాని కళ్లలోకి చూసే శక్తి లేదు. బూటకమాడమని వాటికి ఎవరూ చెప్పలేదు. అయినా లాభనష్టాల గణన నుంచే బూటకం పుట్టుకొచ్చింది. మనిషి స్వభావంతో సంబంధం లేకుండా ఆట నిర్మాణంలోనే బూటకం ఉన్నదన్న బోరెల్, వాన్ న్యూమన్‌ల వాదానికి ఇంతకు మించిన ప్రమాణం అక్కరలేదు.

8. నైపుణ్యం అంటే ఏమిటి? ఒక న్యాయప్రశ్న

ఈ చరిత్రకు తెలుగు నేలతో ఒక సంబంధం ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై హైదరాబాదు జూద చట్టం కింద నమోదైన కేసులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, కె. సత్యనారాయణకు మధ్య నడిచిన వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 1968 నాటి న్యాయనివేదికలలో ప్రచురితమైన ఆ తీర్పు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా గుర్తించింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో నిర్ణయించడం నైపుణ్యానికి నిదర్శనాలుగా పేర్కొన్నది. ఫ్లష్, బ్రాగ్ మొదలైన పేర్లతో పిలువబడే మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టం మీద నడిచే ఆటగా దానినుంచి వేరుచేసింది.

చరిత్ర దృష్టితో చూస్తే ఇక్కడ ఒక వైచిత్రి ఉంది. బ్రాగ్ పోకర్‌కు దగ్గరి బంధువు. రమ్మీలోవలె ముక్కలను తీయడం, వదలడం మూడు ముక్కలాటలో లేదు. కనుక జ్ఞాపకశక్తి, ముక్కల కూర్పు అనే కొలబద్దతో చూస్తే నైపుణ్యానికి అక్కడ చోటు కనిపించదు. కాని కూన్ ఆటలో తలా ఒకే ముక్క, దానిని మార్చుకొనే వీలు కూడా లేదు. అయినా నిర్ణయమంతా పందెంలో ఉంది. ఆ పందేన్ని తప్పుగా తూచినవాడు తెలిసినవాని చేతిలో ఓడిపోతూనే ఉంటాడు. ముక్కలలో నైపుణ్యం వెదకిన దృష్టికి పందెంలోని నైపుణ్యం అందలేదు. తీర్పుకు చాలా ముందే ఈ గణితం ప్రచురితమై ఉన్నా, అది న్యాయచర్చకు చేరే మార్గం ఏర్పడలేదు.

దీనినుంచి మూడు ముక్కలాటను గాని పోకర్‌ను గాని సమర్థించే వాదం తీయడం తగదు. నైపుణ్యం ఉన్నదా అన్నది ఒక ప్రశ్న, ఆట సమాజానికి హాని చేస్తున్నదా అన్నది మరొక ప్రశ్న. సమతూకపు వ్యూహం ఇచ్చే రక్షణ ఒకరి లాభం మరొకరి నష్టమయ్యే ఆటకు వర్తిస్తుంది. నిర్వాహకుడు ప్రతి ఆటనుంచి రుసుము తీసుకొంటే ఆ రక్షణ చెదిరిపోతుంది. తప్పులేకుండా ఆడే ఇద్దరూ కాలక్రమంలో నష్టపోతారు. ఆన్‌లైన్ జూదం పెరిగిన తరువాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ జూద చట్టాలను సవరించి కఠినతరం చేశాయి. 2025లో కేంద్రం చేసిన ఆన్‌లైన్ క్రీడల చట్టం, సొమ్ముతో ఆడే ఆట నైపుణ్యంపై ఆధారపడినదా, అదృష్టంపై ఆధారపడినదా అన్న భేదం చూపకుండానే నిషేధం విధించింది. నైపుణ్యచర్చను పక్కనపెట్టి నేరుగా హానిప్రశ్నకే జవాబు చెప్పడానికి చట్టం చేసిన ప్రయత్నంగా దీనిని అర్థం చేసుకోవచ్చు.

9. ముగింపు

బూటకపు పందెం చరిత్రలో మూడు దశలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. 19వ శతాబ్దంలో అది వ్యక్తి గుణం. బోరెల్, వాన్ న్యూమన్, కూన్‌ల చేతిలో అది విలువ పందెంతో ముడిపడిన నిష్పత్తి. యంత్రాల దశలో అది ఎవరూ నేర్పకుండానే లెక్కలోనుంచి పుట్టుకొచ్చే ఫలితం.

ఈ పరిణామంలో మోసం అన్న మాటకే అర్థం మారిన తీరు విశేషమైనది. సమతూకంతో ఆడేవాడు తన పద్ధతిని ముందే బహిరంగంగా ప్రకటించినా నష్టపోడు. 'నా పందేలలో మూడవ వంతు బూటకం' అని చెప్పి మరీ కాయవచ్చు. ఎదురుగా ఉన్న ఈ ఒక్క పందెం ఆ మూడవ వంతులో చేరిందా లేదా అన్నది మాత్రమే రహస్యం. పద్ధతి అంతా తెలిసిపోయినా పనిచేసే కపటాన్ని పాతకాలపు అర్థంలో కపటమనవచ్చునా అన్నది ఆలోచింపదగిన విషయం.

అదే సమయంలో ఈ నిష్పత్తి ఆటగానిని ఓటమినుంచి కాపాడే కవచమే గాని గెలుపుకు హామీ కాదు. ఎదుటివాడు అతిగా భయపడేవాడైతే సమతూకాన్ని వదలి ఎక్కువగా బూటకమాడేవాడే అధికంగా లాభిస్తాడు. అలా వదలినంత మేరకు తానూ దెబ్బకు లోనవుతాడు. యార్డ్‌లీ, కారో వంటివారి మానవపరిశీలనకు స్థానం పూర్తిగా పోలేదన్నమాట. ఆ పరిశీలనతో ఎంత దూరం జరిగామో, ఎంత ప్రమాదాన్ని నెత్తిన వేసుకొన్నామో కొలిచి చూపే ప్రమాణరేఖ వారికి లేదు. దానిని గణితం సమకూర్చింది.